అటువైపు మడిచిన ఆకు

మా ఆయనతో ఇరవై రెండేళ్ళు కాపురం చేశాక నాకు అర్థమైంది ఒకటే. నేను నోరు మూసుకుని ఎదురుపడితే ఈయన నన్ను గుర్తుపట్టడు. కోపమూ కాదు, మతిమరుపూ కాదు. ఆయనకి ముఖాలు గుర్తుండవు, పళ్ళు గుర్తుంటాయి. పాళయంకోట మార్కెట్లో ఎవరైనా దణ్ణం పెడితే బిక్కమొహం వేసుకుని నిలబడతాడు. అవతలి మనిషి పళ్ళికిలించగానే మాత్రం పెళ్ళికొడుకులా వెలిగిపోతాడు. "ఓహో, కింద ఎడమ కోరపన్ను! అడ్డం తిరిగి ఉండేది కదూ? ఎలా ఉందిప్పుడు?" అని అడుగుతాడు. కోరపన్ను కులాసాగానే ఉందని తెలిశాక, దాని తాలూకు మనిషి పేరేమిటో నేను కనుక్కోవాలి.

పళ్ళ వరస సరిచెయ్యడం ఆయన వృత్తి. పై పళ్ళూ కింది పళ్ళూ సరిగ్గా కలవకపోతే "కాటు కుదరలేదు" అంటాడు. మా చెల్లెలి మామగారి కాటు గురించి ఆయన ఎదురుగానే, అన్నం ముందు కూర్చుని మాట్లాడాడు. పాములవాణ్ణి చేసుకున్నా ఇన్నిసార్లు కాటన్న మాట వినేదాన్ని కాదేమో.

ఆ సోమవారం ఉదయం పదిన్నరకి మాత్రం ఆ జబ్బే నా కేసుకి అక్కరకొచ్చింది.

నా పేరు మరగతం. చదివింది బి.ఎస్సీ., చేసేది వంట. మధ్యలో ఖాళీ దొరికినప్పుడు, పోలీసులకి చెప్పుకోలేని సంగతులు పట్టుకుని వచ్చే ఆడవాళ్ళకి ఆరా తీసి పెడుతుంటాను. నాలుగు రోజుల కిందట గోమతక్క వచ్చింది. పాత్రల కొట్టు ఆవుడైయప్పన్ గారి భార్య. దొడ్డిదారిన వచ్చి, వంటింట్లో పీట మీద కూర్చుని, మంచినీళ్ళు కూడా తాగకుండా అడిగింది.

"మా తిలకం లేచిపోయిందని రుజువు చేసి పెట్టు మరగతం."

ఆడపిల్ల లేచిపోలేదని రుజువు చెయ్యమని అడిగినవాళ్ళని చూశాను. ఇలా అడిగిన తల్లిని చూడలేదు.

"లేచిపోతే బతికుందని కదా," అంది గోమతక్క. "ఆ పిల్లాడితో ఏ ఊళ్ళోనో గంజి తాగుతూ ఉందని తెలిస్తే చాలు. ఆయన ముందు నేను దాని పేరెత్తకూడదు, ఏడవకూడదు. ఆదివారం ఆయనా అబ్బాయీ ఏటికి పోయి తలమునిగి వచ్చారు, అది మనకి చచ్చినట్టే అని. నన్నూ తల మీద నీళ్ళు పోసుకోమన్నారు. పోసుకోలేదు. కడుపుతో మోశానే, ఎలా పోసుకుంటాను?"

ఊరందరికీ తెలిసిన కథ ఇది. తిలకవతికి ఇరవై ఒకటి. చిన్నాన్న కూతురి పెళ్ళి శుక్రవారం, పాళయంకోట కల్యాణమండపంలో. ఉదయం తొమ్మిదికి తాళి కట్టారు. పదిన్నరకి తిలకవతి మదురై బస్సెక్కుతుంటే తన కళ్ళతో చూశానని అన్న ఇసక్కి పోలీసులకి చెప్పాడు. టైపు నేర్పే కుర్రాడు జెబరాజ్ కూడా ఆ సాయంత్రం నుంచి ఊళ్ళో లేడు. ఇన్‌స్పెక్టర్ తవమణి రెండూ రెండూ కూడి, లెక్క తేలిపోయిందని ఆ కుర్రాడి మీద కేసు రాసేశాడు.

* * *

"మరగతం! పొయ్యి ఆపి రా!"

మా ఇంటి ముందుగదే క్లినిక్కు. కుర్చీలో పేచ్చి కూర్చుని ఉంది, దవడ వాచిపోయి. కల్యాణమండపంలో ఎంగిలాకులు ఎత్తే మనిషి. మా ఆయన ఆమె దవడ వదిలేసి, కిటికీ వెలుగులో ఏదో తిప్పి చూస్తున్నాడు. చిలకపచ్చ రంగు ప్లేటు. అంగిలికి అతుక్కునేలా పలచగా ఉంది, ముందువైపు సన్నటి తీగ. క్లిప్పులు తీసేశాక పళ్ళు మళ్ళీ పాత చోటుకి జారిపోకుండా పెట్టుకునేది.

"ఎవరిది?" అన్నాను.

"ఆ వంపు చూడు. రెండున్నరేళ్ళు కష్టపడ్డాను దానికి. కింది పళ్ళు పై పళ్ళని దాటి ముందుకొచ్చి మూసుకునేవి ఆ పిల్లకి. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది." ఆయన గొంతు తగ్గింది. "పోయిన నెల వచ్చినప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆ పిల్లే, మరగతం."

బీరువాలోంచి చెప్పుల డబ్బా తీశాడు. ఒక్కో డబ్బాలో ఒక్కో నోరు ఉంటుంది, సున్నపురాయిలా తెల్లటి అచ్చు. అడుగున పేరు, తేదీ. తిలకవతి, జూన్ పద్నాలుగు. అచ్చు మీద ప్లేటు పెట్టి వేలితో నొక్కాడు. టక్కుమంది. ఇంకే నోటిలోనూ అలా అనదు.

"ఎక్కడ దొరికింది పేచ్చీ?"

"ఆకులోనమ్మా. కట్టుడుపళ్ళనుకున్నా. పళ్ళు రాలిపోయి చట్రం మిగిలిందేమో అని, పెళ్ళికొచ్చిన ముసలాళ్ళ ఇళ్ళన్నీ తిరిగా. ఒక్కళ్ళూ నాది అనలేదు. ఒక తాతయితే తనది కాదుగానీ ఓసారి పెట్టుకు చూస్తానన్నాడు."

"మీ ముసలాళ్ళు బతికారు," అన్నాడు మా ఆయన. "నూటికి పది ప్లేట్లు ఇలాగే పోతాయి. తినేముందు తీసి ఆకు అంచున పెడతారు, లేచేటప్పుడు ఆకుతోపాటు మడిచేస్తారు. ఈ పిల్లే మొదటి నెలలో ఒకటి పోగొట్టింది. ఊళ్ళో ఎవరికి దొరికినా నా దగ్గరికే తెస్తారమ్మా, ఇంక పోగొట్టకు అని చెప్పా కూడా."

నేను స్టూలు లాక్కుని పేచ్చి ఎదురుగా కూర్చున్నాను.

"ఎప్పుడు దొరికింది?"

"ఆ పెళ్ళిలోనే అమ్మా."

"పొద్దుట ఫలహారం ఆకులోనా, మధ్యాహ్నం భోజనం ఆకులోనా?"

"భోజనం ఆకే. ఎంగిలి నాకు తెలీదా? కొబ్బరిపాలు కారాయి చేతి మీద. అల్లం పచ్చడి అలాగే ఉంది, ముట్టుకోలేదు."

నేను మా ఆయన వంక చూశాను. ఆయన ప్లేటు వంక చూస్తున్నాడు.

"పెళ్ళినాడు అల్లం పచ్చడి వేశారా పేచ్చీ?"

"పెళ్ళినాడెందుకేస్తారమ్మా?" అని నవ్వబోయి, దవడ పట్టుకుని ఆగిపోయింది. "అది సొదినాడు కదా వేసేది. మర్నాడు. అవునవును, శనివారం. పెళ్ళివారికి సొది భోజనం పెట్టారే, ఆ రోజు."

మా తిరునెల్వేలిలో పెళ్ళినాడు సాంబారు. మర్నాడు మధ్యాహ్నం మగపెళ్ళివారికి కొబ్బరిపాల సొది, అది అరగడానికి అల్లం పచ్చడి. ఈ రెంటినీ తారుమారు చేసిన వంటవాడు ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు. అంటే శుక్రవారం పదిన్నరకి మదురై బస్సెక్కిన పిల్ల, శనివారం మధ్యాహ్నం పాళయంకోటలో సొది అన్నం తింది.

"అంత ఎంగిలిలో ఆ ఒక్క ఆకూ ఎందుకు విప్పి చూశావు?"

పేచ్చి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"మడత బాగాలేదమ్మా. శుభానికి ఎవరైనా ఆకు తమవైపుకే మడుస్తారు. అది అటు మడిచి ఉంది, చావింటి ఆకులాగా. పెళ్ళింట్లో ఈ అపశకునం పని ఎవరు చేశార్రా అని విప్పాను."

"నొప్పి పన్ను రేపు తీస్తాను, ఈ మాత్ర వేసుకో," అన్నాడు మా ఆయన. ఇరవై రెండేళ్ళలో ఆయన ఒక పన్నుని రేపటికి వాయిదా వెయ్యడం అదే మొదటిసారి.

* * *

పన్నెండింటికి పేచ్చిని తీసుకుని మండపానికి వెళ్ళాను. ఆ రోజు పెళ్ళేదీ లేదు. భోజనాల హాలు గుమ్మంలోనే తవమణి కనిపించాడు, మేనేజరు సంతకానికని చంకలో ఫైలుతో. కాలేజీలో నాకు రెండేళ్ళు చిన్న. అప్పుడు నా నోట్సు అడుక్కునేవాడు, ఇప్పుడు నేను అడిగితే సెక్షన్లు చెబుతాడు.

"ఏం మరగతక్కా, ఇంట్లో రసం మరిగిపోయిందా, ఇలా వచ్చావు?"

"రసం దించే వచ్చాను. నీ లెక్కలో ఒక రోజు తక్కువైంది, కలపడానికి."

"లెక్క తేలిపోయింది. నిన్న మదురైలో ఆ జెబరాజ్‌ని పట్టుకున్నాం."

నా గుండె ఒక్కసారి లేచింది. గోమతక్క కోసం. "తిలకవతి?"

"వాడొక్కడే దొరికాడు. పిల్లని ఎక్కడో దాచాడు. కేసు పెట్టారని విని భయపడి పారిపోయానంటాడు, శుక్రవారం నుంచి దాని ముఖమే చూడలేదంటాడు. ఇంకో రెండు రోజులు మా దగ్గరుంటే అన్నీ గుర్తొస్తాయి."

"చూడని ముఖం ఎలా గుర్తొస్తుందిరా?"

"అక్కా, స్టేషన్‌లో నన్ను రా అనకు."

"ఇది స్టేషన్ కాదు, భోజనాల హాలు. శుక్రవారం నాడు ఆ పిల్ల బస్సెక్కడం ఎవరు చూశారు? ఇసక్కి కాక?"

"సొంత అన్న. చెల్లెలి పరువు తీసేలా అబద్ధం ఎందుకు చెబుతాడు?"

నేను చేతిరుమాలు విప్పి ప్లేటు చూపించాను. సొది సంగతి చెప్పాను. తవమణి తిరునెల్వేలివాడే, సొది అనగానే ఒక క్షణం ఆగాడు. అయినా పోలీసువాడు కదా, వెంటనే తేరుకున్నాడు.

"శుక్రవారం ఎక్కడో పారేసుకుంది. ఎవరో పిల్లలు ఆడుకుని శనివారం ఆకులో పడేశారు."

"మడత మాటేమిటి?"

"ఎదుటివైపు వడ్డించేవాడు మడిచుంటాడు. వాడు తనవైపుకి మడిస్తే కూర్చున్నవాళ్ళకి అది అటువైపే కదా. అంతదానికి డిటెక్టివ్ కావాలా?"

ఒప్పుకోవాలి, అది తెలివైన మాట. దారిలో వస్తూ నేనూ అదే అనుకున్నాను. పేచ్చిని అడిగాను.

"ఏ వరస బల్ల మీద దొరికిందో చూపించు."

పేచ్చి మా ఇద్దర్నీ వింతగా చూసింది. "బల్ల మీద అని నేనెప్పుడన్నా? పైన, సామాన్ల గది గుమ్మం ముందర ఉందమ్మా. ఒక్కటే ఆకు, పళ్ళెంలో పెట్టి. రెండింటికి పైన ఊడవడానికి వెళ్ళినప్పుడు తీశాను. గదికి తాళం వేసుంటే, లోపల పెళ్ళివారి సామాన్లేమో అనుకున్నా."

తవమణి ఫైలు చంక మారింది.

మేడ మీద పెద్ద గుండిగలు, జల్లెడలు, చాపలు పడేసే గది. తలుపుకి బయట గడియ. గడియ కింద చెక్కలో నాలుగు కొత్త మేకు రంధ్రాలు, చెక్కపొట్టు ఇంకా రాలలేదు. ఎవరో తాళం కప్ప వెయ్యడానికి రేకు కొట్టి, మళ్ళీ పీకేశారు. లోపల ఒక చాప విడిగా పరిచి ఉంది. చాప పక్కన మరచెంబు. గోడవారగా మల్లెపూల దండ, ఎండి తాడులా అయిపోయింది. పెళ్ళికి పెట్టుకున్న పూలు.

"వడ్డించేవాడు ఎదురుగా నిలబడి మడిచాడన్నావు," అన్నాను. "ఈ గదిలో పంక్తి లేదు, వడ్డన లేదు. ఒక్క మనిషి, ఒక్క ఆకు. తనే మడిచింది. తాళం తీసినప్పుడు పళ్ళెం గుమ్మం బయటికి నెట్టింది. ప్లేటు అంచున పెట్టి మర్చిపోలేదు తవమణీ, మధ్యలో పెట్టి మడిచింది. ఎవరికి దొరికినా మా ఆయన దగ్గరికే చేరుతుందని దానికి తెలుసు. చూడగానే ఎవరిదో చెప్పగలిగిన మనిషి ఈ ఊళ్ళో ఆయనొక్కడే. కానీ విప్పి చూస్తేగా! అందుకని పెళ్ళింట్లో ఎవరూ మడవనట్టు మడిచింది."

"కాగితం ముక్క రాయొచ్చుగా?"

"కాగితం ఇసక్కి కంటపడితే? ఎంగిలాకు వాడు ముట్టుకోడు."

పేచ్చి గుమ్మంలో కూలబడింది. "నాకోసమేనా అమ్మా అది? నేను విప్పాలనేనా? విప్పాను కదా. అదే రోజు విప్పాను కదా! తొమ్మిది రోజులు ముసలాళ్ళ చుట్టూ తిప్పానే..."

ఆమెని గోడకి ఆనించి కూర్చోబెట్టాను. కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఊచల్లేవు, చెక్క రెక్కలే. కింద కిటికీ చూరు సిమెంటు పలక అంచు ఒక జానెడు విరిగి ఉంది. విరిగినచోట బూజు లేదు, కొత్తది. సరిగ్గా దాని కింద, పెరట్లో, గుండిగలు తోమే రాతిపలక. చుట్టూ నేలంతా నల్లగా మసిబారి ఉంటే ఆ పలకొక్కటీ సున్నం కొట్టి తెల్లగా ఉంది.

తవమణి నా పక్కన నిలబడి కిందికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఆ సున్నం ఎవరు వేశారు?" అని పేచ్చిని అడిగాడు. గొంతులో ఇందాకటి ఎకసెక్కం లేదు.

"నేను కాదయ్యా. తోమే రాయికి సున్నం ఎవరు వేస్తారు? ఆదివారం నేను వచ్చేసరికే ఉంది. శనివారం నాలుక్కల్లా పెళ్ళివాళ్ళు ఖాళీ చేశారు. తాళాలు మాత్రం ఆదివారం తొమ్మిదికి ఇసక్కి బాబు తెచ్చాడు. గుండు చేయించుకునున్నాడు. తిరుచ్చెందూరు మొక్కు అన్నాడు."

"తిరుచ్చెందూరు పోయి రావడానికి మూడు గంటలు," అన్నాడు తవమణి, తనలో తను అనుకున్నట్టు. "అంత పొద్దున్నే..." అక్కడితో ఆపేశాడు.

"జెబరాజ్‌ని మీవాళ్ళు ఇప్పుడేం చేస్తుంటారు?" అని అడిగాను.

అతను గిరుక్కున తిరిగాడు. మెట్లు రెండేసి దిగి, ఆఫీసు గదిలో ఫోనెత్తి, "వాణ్ణి ముట్టుకోకండి. నేనొచ్చేదాకా ఎవరూ ముట్టుకోకండి," అనడం పైకి వినిపించింది.

* * *

ఆవుడైయప్పన్ గారింటికి చేరేసరికి నాలుగు. తవమణి నాతో వచ్చాడు. అడక్కుండానే వచ్చాడు. గుమ్మంలోనే టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఆయన ఊయలబల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒక్క క్షణం నేను మా ఆయన్నైపోయాను, మనిషిని గుర్తుపట్టలేదు. ఆవుడైయప్పన్ అంటే ఈ ఊళ్ళో మీసం. పాత్రల కొట్టు ఎక్కడని అడిగితే మీసాలాయన కొట్టనే చెబుతారు. ఆ మీసం లేదు. దాని కింద ఇన్నేళ్ళూ దాక్కున్న పెదవి చిన్నపిల్లాడి పెదవిలా ఉంది.

పరువు పోయిందని మండిపడేవాడు మీసం దువ్వుతాడు. తీసెయ్యడు. తీసేది ఒకందుకే. ఆ మాట నాకు తట్టిన క్షణం నుంచీ, ఈ ఇంట్లోకి రాకపోతే బాగుండేదని అనిపించింది.

"అణ్ణాచ్చీ, రెండు మాటలు అడగాలి," అన్నాను, పెద్దన్నని పిలిచినట్టే.

"దాని గురించైతే ఈ ఇంట్లో మాటల్లేవమ్మా." గోడకేసి చూస్తూ అన్నాడు.

గోమతక్క లోపల్నుంచి వచ్చింది, పోలీసుని చూసి, నన్ను చూసి. ఆమె కళ్ళలో ఆశ చూడలేక చేతిరుమాలు ఆమె చేతిలో పెట్టాను. విప్పింది.

"అయ్యో, ఇది దానిదే! ఎక్కడ దొరికింది? మదురైలోనా?" కొంగుతో ప్లేటుని మెల్లగా తుడవసాగింది. "పిచ్చి ముండ, ఇది లేకుండా పోయిందా! పది రోజులైతే పళ్ళు మళ్ళీ మొదటికొస్తాయేమో కదా మరగతం? డాక్టరుగారు కోప్పడతారు. ఎక్కడుందో చెప్పు, ఆ పిల్లాడి ఇంట్లో ఉన్నా సరే, పోస్టులో పంపిస్తాను. నేను పంపానని రాయను."

"అక్కా, శనివారం సొది భోజనం నువ్వు ఏ పంక్తిలో తిన్నావు?"

"నేనా? రెండో పంక్తిలో. ఒంటిగంటన్నర అయుంటుంది. పిల్ల పోయిందని గొంతు దిగకపోయినా, పెళ్ళివారి ముందు తినాలి కదా. ఎందుకు?"

"ఆ పంక్తిలోంచి ఒక ఆకు పైకి వెళ్ళింది. అణ్ణాచ్చీ, ఎవరు తీసుకెళ్ళారు?"

ఊయలబల్ల ఆగిపోయింది.

వెనకగదిలో ఎవరో కదిలిన చప్పుడు. దొడ్డి తలుపు గడియ తీస్తున్నారు. తవమణి రెండంగల్లో అక్కడికి చేరాడు. "కూర్చో తమ్ముడూ. ఏ బస్సుకీ తొందర లేదు." ఇసక్కి గోడకి ఆనుకుని, గుండు రెండు చేతులతో కప్పుకుని కిందికి జారాడు. "నాన్నే పెట్టమన్నాడు తాళం. రెండ్రోజులేనన్నాడు," అన్నాడు. ఆ తర్వాత ఏడుపే.

"ఏం తాళం?" అంది గోమతక్క. "ఏమండీ, ఏం తాళం?"

ఆవుడైయప్పన్ లేచి నిలబడబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"పెళ్ళివారు వెళ్ళేదాకానే గోమతీ. అందర్లో రభస చేస్తుందని. ఈలోగా వీడు బస్టాండులో చూశానని కేసు పెడితే, ఆ కుర్రాణ్ణి లోపల వేస్తారు, దీనికి బుద్ధొస్తుంది, వారం తిరిగేసరికి మా అక్క ఊరు పంపేద్దామనుకున్నా. ఆకు నేనే తీసుకెళ్ళాను. తిన్నది. అప్పళం ఇంకోటి కావాలంది. నేను తేలేదు."

"అది పైన ఉందా? నేను కింద తింటుంటే పైన ఉందా?"

"మూడున్నరకి వంటవాళ్ళు గుండిగలు బండికెక్కిస్తున్నారు. ఆ చప్పుళ్ళలో ఎవరికీ వినబడలేదు. పెరట్లోకి నేనే ముందు వెళ్ళాను." ఆయన తన రెండు చేతులూ తెరిచి చూసుకున్నాడు. "చూరు మీద కాలు పెట్టింది. అది పెచ్చులూడిన సిమెంటు, దానికేం తెలుసు. దిగి పోదామనుకుంది. చావాలని కాదు గోమతీ, ఇన్‌స్పెక్టరుగారూ, అది రాయండి, దిగి పోదామనే అనుకుంది. చెప్పులు కొంగులో కట్టుకుని ఉంది."

తవమణి రాయలేదు. పెన్ను మూత కూడా తియ్యలేదు.

"ఆస్పత్రికి..." అన్నాను.

"అక్కర్లేకపోయింది. శుక్రవారమే లేచిపోయిందని చెప్పిన పిల్ల శనివారం ఎలా పోతుంది? చెబితే ఇద్దరం జైలుకి. వీడి వయసు పాతికేళ్ళు. ఆదివారం తెల్లారకముందే మన తోటలో, ఏటి ఒడ్డున... ఇద్దరం కలిసి చేశాం. చెయ్యాల్సినవన్నీ చేశాం."

గోమతక్క ఏడవలేదు. ఏడవకూడదని ఇన్ని రోజులూ ఆ ఇంట్లో పడిన అలవాటేమో. ప్లేటుని గుప్పిట్లో బిగించుకుని, ఆయన ముందు నేల మీద కూర్చుంది. సంతలో దారి అడిగినట్టు మామూలుగా అడిగింది.

"అయితే అది లేచిపోలేదా?"

నేను తల దించుకున్నాను. నాలుగు రోజుల కిందట ఆమె నన్ను రుజువు చెయ్యమన్నదానికి సరిగ్గా ఎదురైనదాన్ని రుజువు చేసి, ఆమె ఇంటికే తెచ్చి ఇచ్చాను.

"లేచిపోలేదు," అన్నాడు ఆవుడైయప్పన్. "శుక్రవారం తాళి కట్టగానే నా పక్కన వచ్చి నిలబడింది. నవ్వుతూనే చెప్పింది. 'నాన్నా, అందరిలా చెప్పకుండా పోవడం నాకు చేతకాదు. నీతో చెప్పే పోతాను, నువ్వు ఒప్పుకునేదాకా ఉంటాను' అంది." బల్ల మీంచి దిగి, నలభై ఏళ్ళుగా ఎవరి ముందూ వంగని మనిషి, భార్య ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "చెప్పి పోదామనుకున్న పిల్లని, చెప్పకుండా పోయిందని ఊరంతా చాటాను. తప్పు చేశాను గోమతీ. వీడిది కాదు, ఆ కుర్రాడిది కాదు, దానిది అసలే కాదు. నాదే తప్పు."